కేసుల లెక్కల్లోంచి వేగం పట్టుకోవడం: ప్రాంతాలవారీగా మహమ్మారి పెరుగుదల రేటు కట్టే పద్ధతి

ముందు ఈ రెండు వరుసలు చూడండి. ఒక ఊహా ప్రాంతంలో వరుసగా రెండు వారాల కొత్త కేసులు, సోమవారం నుంచి ఆదివారం దాకా:

మొదటి వారం: 96, 128, 135, 131, 140, 122, 88
రెండో వారం: 118, 0, 372, 190, 201, 184, 125

రెండో ఆదివారం బులెటిన్ చూసినవాళ్లు "నిన్న 184, ఇవాళ 125, ఒక్కరోజులో 32 శాతం తగ్గాయి" అని ఊపిరి పీల్చుకుంటారు. బుధవారం చూసినవాళ్లకు సున్నా నుంచి 372 అనేసరికి గుండె గుభేలుమంటుంది. మంగళవారం చూసినవాళ్లు హాయిగా నిద్రపోయి ఉంటారు. ముగ్గురూ చూసింది ఒకే ప్రాంతాన్ని, ముగ్గురూ పొరబడ్డారు. ఆ రెండు వారాల మధ్య కేసులు సగటున రోజుకు దాదాపు 5 శాతం చొప్పున పెరిగాయి. ఆ 5 ఎలా వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ వ్యాసం. స్ప్రెడ్‌షీట్‌లో కూడికలు, భాగహారాలు చేయడం వస్తే చాలు.

సంఖ్య అబద్ధమైనా వేగం నిజం కావచ్చు

రిపోర్టయిన కేసులు అంటే సోకినవాళ్ల సంఖ్య కాదు. లక్షణాలు లేనివాళ్లు, టెస్టు చేయించుకోనివాళ్లు, సోకినా టెస్టులో పొరపాటున నెగెటివ్ వచ్చినవాళ్లు లెక్కలోకి రారు. "మరి ఈ డేటాతో ఏం లాభం?" అని చాలామంది అక్కడే వదిలేస్తారు. తొందరపడకండి. ఒక ప్రాంతంలో అయిదుగురికి సోకితే ఒక్కరే లెక్కకు ఎక్కుతున్నారనుకుందాం. పోయిన వారం 5,000 మందికి సోకితే బులెటిన్‌లో 1,000 కనిపిస్తాయి. ఈ వారం 7,000 మందికి సోకితే 1,400 కనిపిస్తాయి. సంఖ్యలు రెండూ తప్పే. కానీ 1,400ని 1,000తో భాగించినా, 7,000ని 5,000తో భాగించినా వచ్చేది 1.4. ఆ "అయిదులో ఒకటి" మనకు తెలియకపోయినా ఫరవాలేదు, భాగహారంలో అది కొట్టుకుపోతుంది.

దొరుకుతున్న వాటా మారనంతవరకే ఈ సౌకర్యం. కింద చెప్పే పనుల్లో సగం, ఆ వాటా మారిందేమో కనిపెట్టడానికే.

డేటా తెచ్చుకోవడం, రోజూ ఒక కాపీ దాచుకోవడం

కోవిడ్ కాలంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 2020 జనవరి 22 నుంచి 2023 మార్చి 10 దాకా ప్రపంచవ్యాప్తంగా కేసుల డేటాను ఒక్కచోట పోగేసింది. సాధన చేయడానికి ఇప్పటికీ అది మంచి సరుకు. ఒక్కో ప్రాంతానికి ఒక అడ్డు వరుస, ఒక్కో తేదీకి ఒక నిలువు వరుస, గడిలో ఆ రోజువరకు నమోదైన మొత్తం కేసులు. లెక్కలకు ఈ వెడల్పు పట్టిక పనికిరాదు. దాన్ని ప్రాంతం, తేదీ, మొత్తం కేసులు అనే మూడు కాలమ్‌ల పొడుగు పట్టికగా మార్చుకోండి.

తేదీల దగ్గర జాగ్రత్త. ఆ ఫైల్లో తేదీలు నెల ముందు, రోజు తర్వాత రాసి ఉంటాయి. రోజు ముందు రాసే సెట్టింగు ఉన్న కంప్యూటర్లో తెరిస్తే 1/22/20 అర్థంకాక అక్షరాలుగానే ఉండిపోతుంది, 2/3/20 మాత్రం ఫిబ్రవరి 3 కాకుండా మార్చి 2 అయి కూర్చుంటుంది. ఏ ఎర్రర్ మెసేజీ రాదు. నేను మొదటిసారి ఈ షీటు కట్టినప్పుడు ఒక ప్రాంతంలో కేసులు సగానికి పడిపోయి మళ్లీ ఎగసినట్టు గ్రాఫ్ వచ్చింది. సాయంత్రమంతా దానికి కారణాలు వెతికాను, చివరికి చూస్తే తేదీలు తలకిందులయ్యాయి. తెరిచిన వెంటనే తేదీల కాలమ్‌లో రోజులు ఒక్కోటిగా పెరుగుతున్నాయో లేదో చూసుకోండి.

ఫైలు సైజు విషయంలో ఇంకో సంగతి. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య ఇంగ్లండ్‌లో 15,841 కేసులు లెక్కలోంచి జారిపోయాయి. ల్యాబుల నుంచి వచ్చిన వివరాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు, మిగతావి చడీచప్పుడు లేకుండా తెగిపోయాయి. కాబట్టి తెచ్చుకున్న ఫైల్లో వరుసలు ఎన్ని, మీ షీటులోకి వచ్చినవి ఎన్ని అన్నది సరిచూడటం చాదస్తం కాదు.

రోజూ దించుకున్న ఫైలును ఆ రోజు తేదీతో విడిగా దాచండి, పాతదాని మీద రాయకండి. దీని అవసరం తర్వాత తెలుస్తుంది.

తేదీ అంటే ఏ తేదీ అన్నది కూడా చూసుకోండి. లక్షణాలు మొదలైన రోజా, శాంపిల్ తీసిన రోజా, బులెటిన్‌కి ఎక్కిన రోజా? ఎక్కువచోట్ల దొరికేది చివరిది. శాంపిల్ తేదీతో దొరికితే అదృష్టమే, కానీ దానికి వేరే తలనొప్పి ఉంది.

మొత్తంలోంచి రోజువారీ కేసులు తీయడం

ఇవాళ్టి మొత్తంలోంచి నిన్నటి మొత్తం తీసేస్తే ఇవాళ్టి కొత్త కేసులు. చేయాల్సిన లెక్క ఇంతే, కాలమంతా తినేది తర్వాత చేసే శుభ్రత. ఇక్కడ మూడు రకాల అపశ్రుతులు ఎదురవుతాయి.

మొదటిది, మన ఉదాహరణలో మంగళవారంలాంటి సున్నా. 118 కేసులున్న ప్రాంతంలో మర్నాడు ఒక్క కేసూ లేకపోవడం, ఆ మర్నాడు 372 రావడం అంటే మంగళవారం బులెటిన్ రాలేదని అర్థం. దాన్ని సున్నాగా ఉంచకండి, ఖాళీ అని గుర్తు పెట్టండి. వారం మొత్తం కూడేటప్పుడు రెండు రోజులవీ కలిసే వస్తాయి కాబట్టి నష్టం లేదు. అయితే ఖాళీ ఆదివారం వచ్చి, ఆ కేసులు సోమవారం జమ అయితే మాత్రం ఒక వారం కేసులు ఇంకో వారంలో పడతాయి. అప్పుడు రెండు రోజులకు సగం సగం పంచక తప్పదు.

రెండోది, మైనస్ సంఖ్యలు. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కించామని తర్వాత గ్రహించి మొత్తంలోంచి తీసేస్తారు. 2021 మే నెలలో ఫ్రాన్స్ ఇలా ఒక్క రోజులో దాదాపు 3.5 లక్షల కేసులు తగ్గించింది. ఆ మైనస్ ఆ రోజుకు చెందినది కాదు, నెలల తరబడి పేరుకున్న పొరపాటుకు దిద్దుబాటు. ఆ రోజు విలువ తీసేసి, ముందు వెనక రోజుల సగటు పెట్టి, పక్క కాలమ్‌లో "దిద్దాను" అని రాసుకోండి. మైనస్‌ను అలాగే వదిలేస్తే తర్వాత రేటు కోసం లాగ్ (లాగరిథమ్) తీసేచోట లెక్క ఆగిపోతుంది. చప్పుడు లేకుండా సున్నా పెడితే ఇంకా ప్రమాదం.

మూడోది, నిర్వచనం మారడం. 2020 ఫిబ్రవరి 12 లెక్కల్లో చైనాలోని హుబేలో ఒక్కరోజులో 14,840 కొత్త కేసులు చేరాయి. వాటిలో 13,332 ల్యాబ్ టెస్టు లేకుండా, డాక్టర్లు లక్షణాలు, స్కానింగులు చూసి నిర్ధారించినవి. ఆ రోజునుంచే వాటిని లెక్కలోకి తీసుకున్నారు. టర్కీలో కొన్ని నెలలపాటు లక్షణాలున్నవాళ్లనే ప్రకటించి, 2020 నవంబరు 25న పాజిటివ్ వచ్చిన అందరినీ చెప్పడం మొదలుపెట్టేసరికి రోజువారీ సంఖ్య ముందురోజు 7,381 నుంచి 28,351కి ఎగిరింది. వైరస్ ఒక్క రాత్రిలో నాలుగింతలు కాలేదు. ఇలాంటి రోజు తగిలితే గ్రాఫ్‌లో నిలువు గీత గీసి, గీతకు అటు ఇటు విడివిడిగా లెక్క కట్టండి. గీతను దాటి ఏ భాగహారమూ చేయకండి. నిర్వచనం మారిందో లేదో సంఖ్యలు చెప్పవు, బులెటిన్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదివే ఓపిక లేకపోతే ఈ పని జోలికి రాకపోవడం మంచిది.

ఏడు రోజుల కూడిక

శని, ఆదివారాల్లో టెస్టులు తక్కువ, ల్యాబుల్లో సిబ్బంది తక్కువ. అందుకే వారాంతంలో లేదా సోమవారం కేసులు తగ్గినట్టు కనిపించి తర్వాత ఎగబాకుతాయి. ఏడు రోజులు కలిపితే ప్రతి కూడికలోనూ సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక్కో రోజు సరిగ్గా ఒకసారే వస్తుంది, ఆ ఊగిసలాట పోతుంది. అయిదు రోజులో పది రోజులో తీసుకుంటే పోదు. ఒక్కోసారి రెండు ఆదివారాలు పడతాయి, ఒక్కోసారి ఒకటే. పద్నాలుగు రోజులైతే ఇంకా నునుపుగా ఉంటుంది, కానీ మలుపు తెలిసేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది.

మన ఉదాహరణలో మొదటి వారం మొత్తం 840, రెండో వారం 1,190.

పెరుగుదల రేటు, రెట్టింపు కాలం

సూత్రం ఒక్కటే:

పెరుగుదల రేటు = లాగ్ (ఈ ఏడు రోజుల మొత్తం ÷ అంతకుముందు ఏడు రోజుల మొత్తం) ÷ 7

ఇక్కడ లాగ్ అంటే సహజ లాగరిథమ్, స్ప్రెడ్‌షీట్‌లో ఎల్‌ఎన్ అనే ఫంక్షన్. 1,190ని 840తో భాగిస్తే 1.417. దాని లాగ్ 0.348. ఏడుతో భాగిస్తే 0.0498, అంటే రోజుకు సుమారు 5 శాతం. 0.693ని ఈ రేటుతో భాగిస్తే రెట్టింపు కాలం వస్తుంది, ఇక్కడ దాదాపు 14 రోజులు. నోటిలెక్కకు 70ని శాతంతో భాగిస్తే చాలు: రోజుకు 10 శాతమైతే వారం, 2 శాతమైతే 35 రోజులు. రేటు మైనస్‌లో వస్తే అదే లెక్క సగమయ్యే కాలాన్ని చెబుతుంది.

లాగ్ ఎందుకు, నేరుగా శాతం తీసుకోవచ్చుగా అంటారేమో. 100 నుంచి 200కి పెరిగితే 100 శాతం పెరుగుదల, 200 నుంచి 100కి వస్తే 50 శాతం తగ్గుదల. వెళ్లిన దారినే వెనక్కొస్తే రెండు వేరే సంఖ్యలు. లాగ్‌లో అయితే అటు 0.693, ఇటు మైనస్ 0.693. ప్రాంతాలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ సమతూకం కావాలి. గ్రాఫ్ కూడా లాగ్ స్కేలులోనే గీయండి. అక్కడ నిలకడైన పెరుగుదల సరళరేఖలా కనిపిస్తుంది, గీత వంగడం మొదలైందంటే వేగం మారుతోందని కంటికే తెలుస్తుంది.

ఈ రేటు ఏ రోజుది అన్న ప్రశ్న చాలామంది వేసుకోరు. రెండు వారాలను పోల్చాం కాబట్టి అది ఆ రెండు వారాలు కలిసేచోటిది, అంటే ఇవాళ్టికి సుమారు వారం కిందటిది. సోకిన రోజునుంచి బులెటిన్‌కి ఎక్కేదాకా ఇంకో వారమో అంతకన్నా ఎక్కువో పడుతుంది. "ఇవాళ్టి పెరుగుదల రేటు" అని మనం రాసేది రెండు వారాల కిందటి సంగతి. నిన్న విధించిన ఆంక్షలు ఇవాళ పనిచేశాయనో చేయలేదనో వాదించేవాళ్లకు ఈ మాట చెప్పాలి.

మొత్తం కేసుల మీద రేటు కట్టకండి

మహమ్మారి తొలిరోజుల్లో వార్తల్లో తెగ తిరిగిన పొరపాటు ఇది. ఇప్పటివరకు నమోదైన మొత్తం ఎన్ని రోజుల్లో రెట్టింపైంది అని లెక్కించేవారు. మొదటి కొన్ని వారాలు అది ఫరవాలేదనిపిస్తుంది. ఒక అల అయిపోయాక చూడండి. మొత్తం 50,000 ఉన్నచోట రోజువారీ కేసులు పది రోజుల్లో 50 నుంచి 100 అయ్యాయనుకుందాం. కొత్త అల మొదలైంది, పది రోజులకు రెట్టింపవుతోంది. మొత్తంతో లెక్కకడితే రోజుకు 0.2 శాతం, రెట్టింపు కావడానికి 347 రోజులు అని వస్తుంది. ఇల్లు అంటుకుంటుంటే చల్లగా ఉందన్నట్టుంటుంది.

చిన్న సంఖ్యల దగ్గర ఆగండి

పోయిన వారం 6 కేసులు, ఈ వారం 10. "67 శాతం పెరుగుదల" అని శీర్షిక పెట్టేయవచ్చు. ఆ పది ఒకే పెళ్లిలో సోకినవి కావచ్చు, ఉత్త యాదృచ్ఛికం కూడా కావచ్చు. ఎంత తేడా రావచ్చో తెలియాలంటే ఒక సులువైన లెక్క ఉంది. రెండు వారాల సంఖ్యల విలోమాలు (1ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేవి) కలిపి, వర్గమూలం తీసి, 1.96తో గుణించండి. లాగ్ విలువకు అటూ ఇటూ అంత సందు వదలాలి.

6, 10ల విషయంలో లాగ్ 0.51, సందు 1.01. అంటే మైనస్ 0.50 నుంచి 1.52 దాకా ఏదైనా కావచ్చు. పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే తేలలేదు. 840, 1,190ల విషయంలో సందు 0.088 మాత్రమే, రెట్టింపు కాలం 11 నుంచి 19 రోజుల మధ్య పడుతుంది. పెరుగుదల ఖాయం, వేగం కొంచెం అటూ ఇటూ. నిజానికి ఈ సందు కూడా తక్కువే, ఎందుకంటే కేసులు ఒక్కొక్కటిగా కాక గుంపులుగా వస్తాయి. నా వరకు నేను వారానికి 20 కేసులు లేనిచోట రేటు కట్టను. గడిలో "తక్కువ కేసులు" అని రాస్తాను, లేదా పక్క ప్రాంతాన్ని కలిపి లెక్కిస్తాను.

ప్రాంతాన్ని ఎందుకు విడదీయాలి

మరీ చిన్నవైతే సంఖ్యలు చాలవు, మరీ పెద్దవైతే నిజం కనపడదు. రెండు ప్రాంతాలు తీసుకుందాం. మొదటిదాంట్లో వారానికి 1,000 కేసులు, ప్రతివారం 30 శాతం తగ్గుతున్నాయి. రెండోదాంట్లో 100 కేసులు, ప్రతివారం రెట్టింపవుతున్నాయి. అయిదు వారాల్లో మొదటిది 1,000, 700, 490, 343, 240. రెండోది 100, 200, 400, 800, 1,600. ఇప్పుడు రెండూ కలిపి చూడండి: 1,100, 900, 890, 1,143, 1,840.

మొత్తం లెక్క చూసేవాళ్లకు రెండో వారం శుభవార్త, మూడో వారం నిలకడ, అయిదో వారం పిడుగు. విడదీసి చూసినవాళ్లకు రెండో వారంలోనే విషయం తెలిసిపోయింది. కొత్త వేరియంట్ వచ్చినప్పుడూ ఇదే కథ. పాతది తగ్గుతూ ఉంటే దాని నీడలో కొత్తది పెరుగుతుంది, మొత్తం మాత్రం చల్లగా కనిపిస్తుంది.

పెరుగుదల రేటును పోల్చడానికి జనాభాతో పనిలేదు, భాగహారంలో అది కూడా కొట్టుకుపోతుంది. కానీ రేటు ఒక్కటే చూస్తే మోసపోతాం. లక్ష జనాభాకు వారానికి 3 కేసులున్నచోట 8 శాతం పెరుగుదల, 400 కేసులున్నచోట 2 శాతం పెరుగుదల ఒకటి కాదు. నేను ఒక గ్రాఫ్ వాడతాను. అడ్డంగా లక్ష జనాభాకు వారపు కేసులు, నిలువుగా పెరుగుదల రేటు, ఒక్కో ప్రాంతానికి ఒక చుక్క. కుడివైపు పైన ఉన్నవాళ్లు ఇప్పటికే కష్టాల్లో ఉన్నారు. ఎడమవైపు పైన ఉన్నవాళ్ల గురించి ఇంకా ఎవరూ మాట్లాడరు. నా కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి.

పేర్లు సరిచూసుకోవడం మరవకండి. కేసుల ఫైల్లో ఒక స్పెల్లింగు, జనాభా ఫైల్లో ఇంకొకటి ఉంటే ఆ ప్రాంతం జాబితాలోంచే మాయమవుతుంది. మధ్యలో సరిహద్దులు మారినచోట పాత, కొత్త లెక్కలను కలపవద్దు.

టెస్టులు మారాయా?

ఇప్పుడు మళ్లీ మొదటి షరతు దగ్గరికి. మనకు కనిపించే పెరుగుదల రేటు అంటే అసలు పెరుగుదల రేటుకు, దొరికే వాటా పెరుగుదల రేటు కలిపినది. టెస్టులు పెంచితే కేసులు ఎక్కువ బయటపడతాయి, అసలు వ్యాప్తి పెరగకపోయినా. అందుకే కేసుల గీత కిందే టెస్టుల సంఖ్య, వందలో ఎంతమందికి పాజిటివ్ అన్న శాతం (పాజిటివిటీ) కూడా గీయండి.

కేసులూ పెరిగి పాజిటివిటీ కూడా పెరిగితే పెరుగుదల నిజమేనని, బహుశా కనిపించినదానికంటే ఎక్కువేనని అనుకోవచ్చు. కేసులు పెరిగి పాజిటివిటీ తగ్గితే అందులో కొంత టెస్టుల పుణ్యం. ఎంత అన్నది కచ్చితంగా చెప్పలేం, ఎందుకంటే అదనంగా టెస్టు చేసేవాళ్లు మొదట చేసినవాళ్లంత అనుమానితులు కారు, టెస్టులు రెట్టింపు చేస్తే కేసులు రెట్టింపు కావు. అన్నిటికన్నా భయపెట్టేది మూడోది: కేసుల గీత నిటారుగా పెరుగుతూ ఒక్కసారిగా బల్లపరుపు అవుతుంది, పాజిటివిటీ మాత్రం పైకి పోతూనే ఉంటుంది. ల్యాబులు చేయగలిగినంత చేసేశాయి, అంతకుమించి పట్టడం లేదు. అది శిఖరం కాదు, కొలబద్ద చివర. ఆంక్షల సడలింపు ఆలోచించాలంటే పాజిటివిటీ రెండు వారాలపాటు 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పినదాని వెనక ఈ ఆలోచన కూడా ఉంది. ఆ తర్వాత ఇళ్లలో చేసుకునే కిట్లు వచ్చాక చాలా పాజిటివ్‌లు బులెటిన్ దాకా రావడమే మానేశాయి.

అనుమానం వస్తే ఆసుపత్రుల్లో చేరికలకూ ఇదే సూత్రంతో రేటు కట్టండి. అవి కేసులకంటే కొన్ని రోజులు ఆలస్యంగా వస్తాయి కానీ టెస్టుల హెచ్చుతగ్గులకు అంతగా లొంగవు. మురుగునీటిలో వైరస్ కొలిచే చోట్ల ఆ డేటా ఇంకా మేలు, టెస్టుకు ఎవరు వచ్చారన్నదానితో దానికి సంబంధం లేదు.

చివరి రోజులను నమ్మకండి

శాంపిల్ తేదీతో డేటా వచ్చేచోట గ్రాఫ్ చివర ఎప్పుడూ కిందికి వంగుతుంది. నిన్న తీసిన శాంపిళ్ల ఫలితాలు ఇంకా రాలేదు, అంతే. దీన్ని చూసి "తగ్గుతోంది" అన్నవాళ్లు ప్రతివారం అదే మాట అంటూనే ఉంటారు. దాచమన్న పాత కాపీలు ఇక్కడ అక్కరకొస్తాయి. 10వ తేదీ కేసులు 11న తెచ్చిన ఫైల్లో ఎన్ని, 13న ఎన్ని, 20న ఎన్ని అని చూడండి. 20న 200 ఉండి, 11న 60, 13న 170 అని తేలితే ఆ ప్రాంతంలో ఒక్కరోజు వయసున్న సంఖ్య 30 శాతమే నిండిందని, మూడు రోజులకు 85 శాతం నిండుతుందని అర్థం. పది తేదీలకు ఇలా చూస్తే ఆఖరి ఎన్ని రోజులు కోసేయాలో మీకే తెలుస్తుంది. నాలుగైదు రోజులు కోస్తే సాధారణంగా సరిపోతుంది.

ఆర్ విలువ కావాలంటే

ఒక్కొక్కరు సగటున ఎంతమందికి అంటిస్తున్నారో చెప్పేది ఆర్. మన రేటులోంచి దాన్ని తీయవచ్చు కానీ ఒకరి నుంచి ఇంకొకరికి సోకడానికి సగటున ఎన్ని రోజులో తెలియాలి. అయిదు రోజులు అనుకుంటే 0.0498ని 5తో గుణిస్తే 0.249. ఒక రకం ఊహతో ఆర్ 1.25 వస్తుంది, ఇంకో రకంతో 1.28. ఆ వ్యవధి మూడు రోజులైతే 1.15 చుట్టూ ఉంటుంది. డేటా అదే, ఊహ మారితే జవాబు మారింది. రేటు సున్నా అయితే మాత్రం ఏ ఊహతోనైనా ఆర్ 1. అందుకే ఇద్దరు ఆర్ విషయంలో కొట్లాడుకుంటుంటే నేను రెట్టింపు కాలం అడుగుతాను.

నోట్ ఎలా రాయాలి

లెక్క ముగిశాక ఎవరికైనా పంపేటప్పుడు ఒంటి సంఖ్య పంపకండి. మన ప్రాంతానికి నేనైతే ఇలా రాస్తాను: "ఆదివారంతో ముగిసిన వారంలో 1,190 కేసులు, అంతకుముందు వారం 840. రోజుకు సుమారు 5 శాతం పెరుగుదల, రెట్టింపు కాలం 11 నుంచి 19 రోజులు. మంగళవారం బులెటిన్ రాలేదు, ఆ కేసులు బుధవారంలో కలిశాయి, వారపు మొత్తం మారలేదు. బులెటిన్ తేదీల లెక్క ఇది. టెస్టుల సంఖ్య అందలేదు, అది వచ్చేదాకా ఈ రేటు తాత్కాలికం."